ఏటికి ఈ పక్క

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. నర్సు స్టెల్లా డ్యూటీ మధ్యలో మెట్ల కిందికి వచ్చి, థాయిలాండులో ఉన్న తమ్ముడు జోయల్‌తో ఫోన్లో మాట్లాడుతోంది.

"తిన్న సంగతి సరేరా. నేను అడిగింది అది కాదు. బ్రిడ్జి ఉండగా పడవెందుకు అని అడగతా ఉండా."

"ఏమోక్కా. వాళ్ళు అట్ల చెప్పినారు."

"వాళ్ళంటే ఎవురు?"

"ఆఫీసు వాళ్ళు."

"ఆఫీసు యాడుండాది?"

"ఏటికి అవతల. చెప్తి గదా. పెద్ద పెద్ద బిల్డింగులు. ఈ లాడ్జి మిద్దెక్కితే కనపడతాయి."

"అవతల అంటే ఏ దేశం?"

"నువ్వు తింటివా అక్కా?"

"జోయలూ, అవతల ఏ దేశం?"

"బర్మా."

"బర్మానా? బ్యాంకాక్‌లో కంప్యూటర్ పని అని గదరా ఆ ఏజెంటు మునిశేఖర్ నాయనతో చెప్పింది?"

"బ్యాంకాక్‌లో హెడ్డాఫీసంట. పని చేసేది ఈడంట. ఏజెంటన్న గూడా ఫోన్లో అదే చెప్పినాడు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"వ్యానెక్కినాక."

"ఎక్కకముందు ఎందుకు చెప్పలా?"

"అక్కా, నువ్వు పోలీసు మాదిరి అడగతా ఉండావు. ఈ పొద్దు కడాపటి దినం, ఊరంతా బాగా తిరిగి చూసుకోమన్నారు. మాపటికి ఏరు దాటాల. కొంచెం సంతోషంగా మాట్లాడు."

"సరే. సంతోషంగానే అడగతా. పొద్దన్నుంచి ఏం చూస్తివి?"

"బంగారు గోపురం గుడి చూసినా. పచ్చరాళ్ళు అమ్మే అంగళ్ళు చూసినా. ఈడ ఆడోళ్ళు బుగ్గలకు గంధం మాదిరి ఏందో పూసుకోనుంటారు. నీకొక దండ తీసుకుందామనుకున్నా గానీ సంచిలో చోటు లేదు."

"సంచి మోసుకోనే తిరిగినావా? లాడ్జిలో పెట్టి పోవచ్చు గదా."

"వీపున సంచి ఉండాలంట. ఎవురన్నా అడిగితే ఊర్లు చూసేదానికి వచ్చినా, బ్యాక్‌ప్యాకర్ని అని చెప్పాల. ఎయిర్‌పోర్టులో గూడా అదే చెప్పినా. అందుకే గదా మునిశేఖరన్న అంత పెద్ద సంచి కొనిపిచ్చింది. ఢిల్లీబాబన్న గుడి ముందర ఫోటోలు గూడా తీసినాడు."

"ఢిల్లీబాబు ఎవురు?"

"మనోడే. నగరి పక్క. తెలుగూ అరవమూ రెండూ మాట్లాడతాడు. బ్యాంకాక్ నుంచి వ్యానులో నాతోనే వచ్చినాడు. మంచోడక్కా. రూములో గూడా నాతోనే ఉండాడు."

"ఆయన గూడా కొత్తగా ఉద్యోగానికి పోతా ఉండాడా?"

"కొత్త కాదు. సీనియరు."

"నీ పాస్‌పోర్టు యాడుండాది?"

"స్టాంపు వేసేదానికి ఇచ్చినా."

"ఎవురికిచ్చినావు?"

"డ్రైవరుకు."

"ఢిల్లీబాబు ఇచ్చినాడా తనది?"

"ఇచ్చినాడనుకుంటా."

"అనుకుంటావా, చూస్తివా?"

"ఆయనది జోబులో ఉండాది. పొద్దన చూస్తి."

"జోయలూ."

"అక్కా, నీకేం తెలీదు ఊరికే ఉండు. ఆడ మనూరి గిరి ఉండాడు. గిరి పోయి బాగుండాడు గాబట్టే నేను వచ్చింది. దినామూ మెసేజ్ పెడతాడు."

"ఈ పొద్దు ఆనందమ్మత్త ఓపీకి వచ్చింది."

"గిరి వాళ్ళమ్మా? బాగుండాదా?"

"బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే ఏడ్చేసింది. గిరి ఆమెకు ఇంగ్లీషులో మెసేజులు పెడతా ఉండాడంట. మమ్మీ ఐ యామ్ ఫైన్ అని. ఆమెకు తెలుగు చదవడమే రాదు. పక్కింటోళ్ళ దగ్గరికి పోయి చదివించుకుంటాది."

"ఆడ ఫోన్లో తెలుగు ఉండదేమోలే."

"నోరుండాది గదరా. ఫోన్ చేసి అమ్మా అనొచ్చు గదా."

"పనిలో ఉన్నప్పుడు ఫోన్లు మాట్లాడనియ్యరంట."

"నీకు మెసేజ్ పెట్టేటప్పుడు నిన్ను ఏమని పిలుస్తాడు?"

"ఏమనంటే... బ్రో అని."

"ఊర్లో నిన్ను బ్రో అనేవాడా?"

"ఊర్లో వేరే."

"ఊర్లో ఏమనేవాడు?"

"గుండోడా అనేవాడు."

"పోయినాక ఎప్పుడన్నా అట్ల పిలిచినాడా?"

"మొదట్లో పిలిచినాడు."

"తర్వాత పిలిచినాడా, లేదా?"

"లేదు."

"నడమ ఒకసారి ఆనందమ్మత్తకు గిరి గొంతు వినిపించిందంట. అమ్మా, ఎవురినీ పంపించొద్దు అన్నాడంట. అంతే, కట్టయిపోయిందంట. ఆమె పోయి మునిశేఖర్‌ను అడిగితే, నోరు తెరిస్తే నీ కొడుక్కే కష్టం అన్నాడంట. ఆ పొద్దు నుంచి ఆమె ఎవురితోనూ చెప్పలేదు. ఈ పొద్దు నువ్వు పోయినావని నా నోట విని, నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. విడిపిచ్చుకోలేకపోయినా."

"అక్కా, భయపెట్టొద్దు."

"భయపెట్టల్లేదురా. భయపడతా ఉండా."

"మరైతే నాకు మెసేజులు పెట్టేది..."

"గిరి కాదురా."

"రాత్రి గూడా పెట్టినాడక్కా. వెయిటింగ్ ఫర్ యూ బ్రో అని."

"గిరి కాదు జోయలూ."

"ఎవురో వస్తా ఉండారు. పెట్టేస్తా."

జోయల్ మళ్ళీ చేసింది లాడ్జి బాత్రూములో నుంచి.

"అక్కా, వినపడతా ఉండాదా?"

"అదేం చప్పుడురా?"

"కొళాయి తిప్పినా."

"మంచి పని చేసినావు. అట్లే ఉండనీ. ఎవురున్నారు రూములో?"

"ఎవురూ లేరు. ఢిల్లీబాబన్న సిగిరెట్లకు కిందికి పోయినాడు. అక్కా, నేను కిందికి పోయి చూసొచ్చినా. గేటు కాడ వ్యాను డ్రైవరు కుర్చీ వేసుకోని కూర్చోనుండాడు. కాఫీ తాగి వస్తానంటే నవ్వి, తల అడ్డంగా ఊపినాడు. పొద్దన ఊరంతా తిరిగితి గదా. అప్పుడేమో ముందర ఢిల్లీబాబన్న, వెనక ఆ డ్రైవరు. నాకు తోడు అనుకున్నా."

"ఏడవొద్దు. నా మాట విను."

"ఏడవల్లేదు."

"నేను ఎంబసీకి ఫోన్ చేసినా. ఎత్తినారు. నీ పేరు, లాడ్జి పేరు రాసుకున్నారు. పిల్లోడు ఏటికి ఈ పక్కన ఉంటేనే ఏమన్నా చెయ్యగలం అన్నారు. దాటితే చాలా కష్టం, ఆ బిల్డింగుల్లో పిల్లోళ్ళను కట్టడి చేసి ఫోన్లలో మోసాలు చేయిస్తా ఉండారు అన్నారు. వాళ్ళు ఆ ఊరికి వచ్చేలోపల నువ్వు ఎట్లయినా పోలీసుల దగ్గరికి పోవాల, లేదంటే ఆసుపత్రికి పోవాల."

"ఎట్ల పోతా? గేటు దాటనియ్యరు."

"నువ్వు పోయేది గాదు. వాళ్ళే నిన్ను తీసకపోవాల."

"ఎట్ల?"

"నీకు కడుపునొప్పి రావాల."

"నాకేం లేదు గదా, బాగానే ఉండా."

"ఒరే, రావాల అంటే తెప్పిచ్చుకోవాల. అపెండిక్స్ అని విన్నావు గదా. పక్కింటి చిన్నబ్బ మామకు వచ్చిందే, అది. ముందు బొడ్డు చుట్టూ నొస్తా ఉండాదని చెప్పు. కొంచేపాగి, కుడి పక్క కిందికి దిగింది అను. కుడి పక్క, బొడ్డుకూ తొడకూ నడమ. చెయ్యి ఆడనే పెట్టుకో, తియ్యొద్దు. కాళ్ళు ముడుచుకోని పడుకో. కాలు చాపమంటే చాపొద్దు."

"నొక్కితే అరవాల్నా?"

"నొక్కినప్పుడు ఓర్చుకో. నొక్కి వదిలినప్పుడు అరువు. అదే గుర్తు. డాక్టర్లు అదే చూస్తారు. గొంతులో వేలు పెట్టుకోని వాంతి చేసుకో. ఇప్పుడే చేసుకో, ఆయన పైకి వచ్చేటప్పటికి వాసన రావాల."

"నాకు నటించేది రాదక్కా. క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషమేస్తే పడీపడీ నవ్వితిని. మర్చిపోతివా?"

"మర్చిపోలా. ఈసారి నవ్వొద్దు."

"ఆసుపత్రిలో నిజంగా కోసేస్తే?"

"కోసుకోనీ. అది లేకపోయినా బతుకుతావు."

"ఆసుపత్రికి పోయినాక ఏం చెయ్యాల? వాళ్ళ భాష నాకు రాదు."

"పోలీసు అనే మాట యాడైనా పోలీసే. తెల్లకోటు వేసుకున్నోళ్ళు ఎవురు కనపడినా చెయ్యి పట్టుకోని ఆ మాట చెప్పు. వదలొద్దు. ఆనందమ్మత్త నన్ను పట్టుకున్నట్ల పట్టుకో."

"వాళ్ళు ఆసుపత్రికి తీసకపోకపోతే?"

"తీసకపోతారు."

"తీసకపోకపోతే అక్కా? రోగమొచ్చినోణ్ణి అట్లే పడవెక్కిస్తే?"

"తీసకపోతారులే. నువ్వు ముందు వాంతి చేసుకో."

"నాయనకు చెప్పినావా?"

"చెప్పినా. వస్తా ఉండాడు."

"తిట్టినాడా?"

"లేదు."

"మెట్లెక్కతా ఉండారు ఎవురో. ఆయనే. చెప్పుల చప్పుడు."

"ఫోన్ జోబులో పెట్టుకో. మళ్ళీ నేనే చేస్తా. కుడి పక్క, మర్చిపోవద్దు."

స్టెల్లా తండ్రి ప్రేమానందం బస్టాండు నుంచి అలిపిరికి ఆటో తోలుతాడు. ఆసుపత్రి ముందర ఆటో నిలిపి లోపలికి వచ్చాడు.

"సవారీని అలిపిరి కాడ దించి నేరుగా వస్తి తల్లీ. ఏమంటా ఉండాడు బిడ్డ?"

"ఇంగా ఈ పక్కనే ఉండాడు. ఆసుపత్రికి పొయ్యేమాదిరి చెప్పిచ్చినా. నాయనా, నువ్వు కూర్చో. ఒళ్ళంతా చెమట్లు."

"వాడు నా యింట్లో కూర్చోని అన్నం తిన్నాడు గదమ్మా, ఆ మునిశేఖర్. రెండోసారి పులుసు అడిగి ఏపిచ్చుకున్నాడు. మీ పిల్లోని జీవితానికి నాదీ పూచీ అన్నాడు."

"ఇప్పుడు వాని మాటెందుకు. వానికి మనకు తెలిసినట్ల తెలియగూడదు. తెలిస్తే వెంటనే వాళ్ళకు చెప్తాడు. నాయనా, ఎందుకట్ల కిందికి చూస్తా ఉండావు?"

"నువ్వు ఫోన్లో వాని పేరు సెప్తానే నాకు కండ్లు కనపడలేదమ్మా."

"వానికి ఫోన్ చేసినావా?"

"సేసినా."

"నాయనా, ఎవురితోనూ అనొద్దని చెప్తి గదా నీకు. రెండుసార్లు చెప్తి."

"సెప్తివి. నా సెయ్యి నిలవలేదు."

"ఏమన్నావు?"

"నా బిడ్డను తిరిగి తెప్పియ్యకపోతే స్టేషనుకు పోతా అన్నా."

"వాడేమన్నాడు?"

"నవ్వినాడు. టెన్షన్ పడొద్దు పెద్దాయనా, కనుక్కోని సెప్తా అని పెట్టేసినాడు."

"ఎంతసేపాయ?"

"అలిపిరి నుంచి ఈడికి వచ్చినంత సేపు."

"ఈపాటికి వాళ్ళకు చెప్పేసింటాడు."

"తప్పయిపాయ తల్లీ. నన్ను తిట్టు."

"తిట్టేదానికి టైము లేదు. ఉండు, జోయల్‌కు చేస్తా. నువ్వు మాట్లాడొద్దు. దగ్గు గూడా దగ్గొద్దు."

ఫోన్ ఎత్తింది జోయల్ కాదు.

"సెప్పండి సిస్టర్."

"ఎవురండీ?"

"ఢిల్లీబాబుని. జోయల్ సెప్పింటాడు గదా నా గురించి."

"ఆ, చెప్పినాడు. మంచోడని చెప్పినాడు. జోయల్ యాడండీ?"

"ఈడనే ఉండాడు. మంచం మీద."

"ఏమైంది?"

"మీకు తెలీదా?"

"నాకెట్ల తెలుస్తాది? పొద్దన మాట్లాడినప్పుడు బాగానే ఉండె."

"కడుపునొప్పంట. వాంతి సేసుకున్నాడు. నొప్పి వచ్చేదానికి ముందు బాత్రూములో సానాసేపు ఉన్నాడు. కొళాయి తిప్పుకోని."

"వానికి ఇంతకుముందొకసారి వచ్చింది ఇట్లే. అపెండిక్స్ అన్నారు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. వాడే భయపడి చేయించుకోలా. అన్నా, అది పగిలితే మనిషి దక్కడు. నేను చూసినా, నా చేతుల మీద పోయినోళ్ళను చూసినా. మీరు వాణ్ణి దగ్గర్లో ఏదన్నా ఆసుపత్రికి తీసకపోండి. కుట్లు వేయించుకోని మళ్ళీ పనికి వస్తాడు. నేనే పంపిస్తా."

"మీరే పంపిస్తారా?"

"పంపిస్తా."

"ఇప్పుడే మునిశేఖర్ ఫోన్ సేసినాడు సిస్టర్. మీ నాయన స్టేషనుకు పోతానన్నాడంట."

"ఆయన పెద్దోడు. ఎవురో ఏందో చెప్తే కోపంలో అనేసినాడు. ఆయన మాట పట్టుకోవద్దు అన్నా. స్టేషనుకు ఎవురూ పోలా. ఎవురూ పోరు."

"డ్రైవరు గూడా ఈడనే నిలబడుకోనుండాడు. నేను మీతో ఏం మాట్లాడతా ఉండానో అడగతా ఉండాడు."

"ఏం చెప్పినారు?"

"వీళ్ళక్క నర్సు అని సెప్పినా."

"అవునన్నా, నేను నర్సునే. అందుకే చెప్తా ఉండా. పడవలో అది పగిలితే మీరేం చేసుకుంటారు వాణ్ణి? ఆడ మీకు పనిచేసే మనిషి కావాల గానీ శవం కాదు గదా. ఆయనకూ అదే చెప్పండి, ఆ డ్రైవరుకు."

"నర్సులు బాగా మాట్లాడతారు."

"అన్నా, మీ కాళ్ళు పట్టుకుంటా."

"సిస్టర్, ఒక మాట అడగతా. సరిగా సెప్పండి."

"అడగండి."

"అపెండిక్స్ అంటే ఏ పక్కన ఉంటాది?"

"ఎందుకడగతా ఉండారు?"

"తెలుసుకుందామని. కుడి పక్కనా, ఎడమ పక్కనా?"

"జోయల్ ఏం చెప్తా ఉండాడు?"

"వాని మాట వదిలెయ్యండి. మీరు సెప్పండి."

"ఒక్కోరికి ఒక్కో తీరుగా... నొప్పి మొదట్లో బొడ్డు కాడ..."

"ఏ పక్క?"

"కుడి పక్క."

"కుడి పక్కనేనా?"

"కుడి పక్కనే."

"సరే. ఇంగ ఈ నంబరుకు సెయ్యొద్దు."

"అన్నా, ఒక్క నిమిషం. వానితో ఒక్క మాట మాట్లాడనియ్యండి. అన్నా. హలో. హలో."

మెట్ల కింద, గోడకు ఆనుకొని స్టెల్లా, పక్కన తండ్రి.

"పెట్టేసినాడా?"

"పెట్టేసినాడు."

"ఏమన్నాడమ్మా?"

"ఏ పక్క అని అడిగినాడు నాయనా. నేను కుడి పక్క అని చెప్పినా. వాడు ఏ పక్క పట్టుకోనుండాడో నాకు తెలీదు."

"నువ్వు సెప్పిచ్చినట్ల సేసింటాడులే."

"వాడు భయపడితే కుడీ ఎడమా తెలీదు నాయనా. ఆటో నేర్పిచ్చేటప్పుడు నువ్వే గదా తిట్టేవాడివి, కుడికి తిప్పరా అంటే ఎడమకు తిప్పతాడని. నేను తెలీదు అని చెప్పుండాల్సింది. కుడి అని నేనే పట్టిచ్చేసినా వాణ్ణి."

"నువ్వేం పట్టిచ్చలేదు. పట్టిచ్చింది నేను. ఫోన్ సేసి."

"ఇప్పుడు ఎవురైతే ఏమి."

"మళ్ళీ సెయ్యి."

"చేసినా. స్విచ్చాఫ్."

"ఇంగోసారి సెయ్యి."

"స్విచ్చాఫ్ నాయనా."

"ప్రార్థన సేసుకుందామా?"

"చెయ్యి."

"ప్రభువా, నా బిడ్డను..."

"ఏం నాయనా, ఆపేసినావు?"

"మాటలు రావల్యా. ఇన్నేండ్లు సంఘంలో అందరి బిడ్డల కోసం సేసినా. మన పిల్లోనికి సేద్దామంటే మాటలు రావల్యా."

"స్టేషనుకు పో నాయనా. వాళ్ళకు ఎట్లయినా తెలిసిపాయ, ఇంక దాచేదేముండాది. పోతా పోతా ఆనందమ్మత్తను గూడా ఎక్కిచ్చుకోని పో."

"ఆమె వస్తాదంటావా? కొడుకు ఆడనే ఉండాడు గదా."

"అడుగు. వస్తే వస్తాది. రాకపోతే నువ్వొక్కడివే పో. మునిశేఖర్ ఇల్లు చూపిచ్చు, వాడు మనింటికి ఎప్పుడు వచ్చినాడు, ఏం చెప్పినాడు, అంతా చెప్పు."

"నువ్వు రావా?"

"నేను ఈడనే ఉంటా."

"ఫోను నీ సేతిలోనే ఉండాది గదమ్మా. యాడికి పోతే ఏమి?"

"ఎంబసీకి మళ్ళీ చెయ్యాల నాయనా. ఆటో చప్పుడులో ఏమీ వినపడదు."

పొద్దు వాలేవేళకు, ఏదో తెలియని నంబరు నుంచి.

"హలో. ఎవురు? హలో."

"అక్కా."

"జోయలూ. యాడుండావు? ఏ పక్కనుండావు?"

"ఈ పక్కనే అక్కా. ఆసుపత్రిలో. ఇది ఈడ నర్సు ఫోను. ఆమె అర్థం చేసుకోని ఇచ్చింది."

"నీతో ఎవురున్నారు?"

"ఇద్దురు పోలీసులుండారు. ఒకాయన ఇంగ్లీషు మాట్లాడతాడు. ఎంబసీ వాళ్ళు గూడా ఆయనకు ఫోన్ చేసినారంట, నా పేరు ఆయన కాడ రాసిపెట్టుకోనుండాడు."

"నిజంగా పోలీసులేనా? బాగా చూస్తివా?"

"పోలీసులే అక్కా. నాకూ మొదట భయమేసింది. ఆ నర్సు నా పక్కనుంచి కదల్లేదు. అప్పుడు నమ్మినా."

"కోసినారా కడుపు?"

"లేదు. డాక్టరు నొక్కి చూస్తానే నేను ఆయన కోటు పట్టుకున్నా. పోలీసు పోలీసు అన్నా. ఆయన తలుపేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు."

"దేవా. స్తోత్రం. నాయన స్టేషన్లో ఉండాడురా. ఆనందమ్మత్త గూడా పోయింది. తలుపుకు తాళమేసి, అడగతానే వచ్చి ఆటోలో కూర్చునిందంట."

"ఆమెకు చెప్పక్కా, గిరి బతికుండాడంట."

"ఎవురు చెప్పినారు?"

"ఢిల్లీబాబన్న. బ్యాంకాక్‌కు వచ్చేముందు గూడా చూసినాడంట. బాగా చిక్కిపోయినాడంట, మాట్లాడనియ్యరంట. అయినా బతికుండాడంట. వాళ్ళమ్మకు తప్పకుండా చెప్పమన్నాడు."

"వాని మాట నమ్మతావా? ఏ పక్క అని నన్ను అడిగినాడు చూడు, ఆ గొంతు నా చెవుల్లో నుంచి పోవల్యా. దొరికినాడా వాడు?"

"లేదు."

"తప్పిచ్చుకున్నాడా?"

"అట్ల గాదక్కా."

"ఇంకెట్ల?"

"నువ్వు చెప్పిందంతా మర్చిపోయినా అక్కా. ఆ డ్రైవరు వచ్చి మంచం కాడ నిలబడుకుంటానే, ఎడమ పక్క పట్టుకోని అరస్తా ఉండా."

"ఎడమ పక్కనా?"

"ఆ. డ్రైవరు ఏందో అనుమానంగా అడిగినాడు. ఢిల్లీబాబన్న నీతో మాట్లాడి, ఫోన్ పెట్టేసి, నా మీదికి వంగినాడు. కొడతాడనుకున్నా. డ్రైవరు కంటికి కనపడకుండా అడ్డం కూర్చోని, నా చెయ్యి తీసి కుడి పక్కన పెట్టినాడు. పెట్టి, ఆడనే వేలితో నొక్కి వదిలినాడు. అరువు తంబీ అన్నాడు, మెల్లగా. అరిచినా. అప్పుడు డ్రైవరుతో వాళ్ళ భాషలో గట్టిగట్టిగా పోట్లాడినాడు. వ్యానెక్కిచ్చి ఈడికి తీసకొచ్చినారు. ఆసుపత్రి గేటు కాడ నన్ను దించి, లోపలికి నువ్వే పో, వెనక్కి చూడొద్దు అన్నాడు."

"ఆయనకేం కాదా? నిన్ను వదిలేసినందుకు?"

"తెలీదక్కా."

"పిలవకపోతివా? నీతోపాటు లోపలికి రమ్మనకపోతివా? ఆయన పాస్‌పోర్టు ఆయన కాడనే ఉండె గదా."

"పిలిచినా. చొక్కా పట్టుకోని పిలిచినా. పాస్‌పోర్టు ఉండాది గదన్నా, నువ్వూ వచ్చెయ్ అన్నా."

"ఏమన్నాడు?"

"వాళ్ళ తమ్ముడు ఆ పక్కన ఉండాడంట."